పిల్లి ఎలాంటిదో చెప్పి ఇవ్వండి: షెల్టర్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

పిల్లుల షెల్టర్లు నడిపేవారికి, దత్తత కుదిరేదాకా పిల్లుల్ని తాత్కాలికంగా ఉంచుకునే ఫోస్టర్ ఇళ్ళ బాధ్యత చూసేవారికి, దత్తత రోజున పిల్లిని మా చేతిలో పెట్టే వలంటీర్లకు,

నమస్కారం.

వీధిలో దెబ్బ తిని పడున్న పిల్లిని, ఇల్లు ఖాళీ చేస్తూ ఎవరో గుమ్మం బయట వదిలేసిన పిల్లిని తెచ్చి, వైద్యం చేయించి, టీకాలు వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, మళ్ళీ ఒక ఇంటికి చేర్చే పని మీరు చేస్తున్నారు. ఆ పని మీద గౌరవంతోనే ఈ లేఖ రాస్తున్నాను. ఇందులో ఉన్న సంగతిని మొదట మేము పిల్లిని తెచ్చుకున్న షెల్టర్‌కే విడిగా రాశాం. ఫోన్ చేశాం, వెళ్ళి కలిశాం. "నోట్ చేసుకున్నాం" అన్నారు. ఆ తర్వాత ఏమీ జరగలేదు. వేరే వేరే షెల్టర్ల నుంచి పిల్లుల్ని తెచ్చుకున్న వాళ్ళను కదిపితే వాళ్ళూ ఇదే గోడు వెళ్ళబోసుకున్నారు. అందుకే ఇక నలుగురూ చదివేలా రాయక తప్పలేదు.

మా ఫిర్యాదు ఒక్కటే. పిల్లిని ఇస్తున్నారు, ఆ పిల్లి ఎలాంటిదో చెప్పడం లేదు. వయసు, రంగు, ఆడో మగో, టీకాల తేదీలు అన్నీ కాగితం మీద ఉంటాయి. స్వభావం దగ్గరికి వచ్చేసరికి "చాలా శాంతం", "భలే ముద్దొస్తుంది", "అందరితో కలిసిపోతుంది" అనే మూడు ముక్కలే. ఏ ఫొటో కింద చూసినా అవే ముక్కలు. మనతో 12 నుంచి 15 ఏళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే బతకబోయే ప్రాణి గురించి చెప్పేది అంతేనా?

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మేము తెచ్చుకున్న ఆడ పిల్లి కార్డు మీద "చాలా శాంతం, ఎత్తుకుంటే ఊరుకుంటుంది" అని రాసి ఉంది. ఎత్తుకుంటే నిజంగానే ఊరుకుంది. అరవలేదు, గోరు బయటపెట్టలేదు. ఆ రోజు మీ వలంటీరే తీసిచ్చిన ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. తోక పొట్ట కిందికి ముడుచుకుని ఉంది. చెవులు పక్కలకు వాలిపోయాయి. గదిలో బోలెడంత వెలుతురున్నా కనుపాపలు గుండ్రంగా విచ్చుకుని కళ్ళు మొత్తం నల్లగా కనిపిస్తున్నాయి. అది భయంతో కొయ్యబారిపోయిన పిల్లి. రోజూ పిల్లుల మధ్య తిరిగేవాళ్ళకు ఆ తేడా తెలియకుండా ఉండదు. తెలిసినవాళ్ళెవరూ కార్డు రాయలేదు, అదీ జరిగింది.

ఇంటికి రాగానే బీరువా వెనకకు దూరింది. తిండి ముట్టలేదు, నీళ్ళూ ముట్టలేదు. వెటర్నరీ డాక్టరుకు ఫోన్ చేస్తే, పిల్లి వరసగా రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుపోయి ప్రాణం మీదికి రావచ్చనీ, కాస్త ఒళ్ళున్న పిల్లికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువనీ చెప్పారు. ఆ సంగతి మాకు షెల్టర్‌లో ఎవరూ చెప్పలేదు. దానికి బలవంతంగా తినిపించి, మందులు వాడి, ఎలాగో గట్టెక్కించాం. చాలా రోజుల తర్వాత, అంతకుముందు దాన్ని తమ ఇంట్లో ఉంచుకున్న ఫోస్టర్ కుటుంబం అనుకోకుండా పరిచయమైంది. ఆ ఇంట్లో ఇది మరో మగ పిల్లితో కలిసి ఉండేదట. రెండూ ఒకే బుట్టలో పడుకునేవట, ఒకటి కనబడకపోతే రెండోది ఇల్లంతా అరుస్తూ తిరిగేదట. "ఈ రెండింటినీ విడదీయొద్దు, ఇది కొత్తవాళ్ళు ఎత్తుకుంటే హడలిపోతుంది" అని వాళ్ళు షెల్టర్‌కు రాసిచ్చారట కూడా. ఆ రాసిచ్చింది ఏ కార్డు మీదికీ ఎక్కలేదు. మేము కనుక్కునేసరికి మగ పిల్లిని వేరే ఇంటికి ఇచ్చేశారు.

ఇప్పుడు మా పిల్లి బాగానే ఉంది. ఒళ్ళో కూర్చోదు, ఎత్తుకోనివ్వదు. నేను నేల మీద కూర్చుంటే మాత్రం తోక నిటారుగా నిలబెట్టుకుని వస్తుంది, చెంప నా మోకాలికి ఒకసారి రాసి, జానెడు దూరంలో వెనక్కి తిరిగి కూర్చుంటుంది. పిల్లి మనకు వీపు చూపించి కూర్చుందంటే నమ్మిందన్నమాట. దాని ప్రేమ తీరు అది. మాకు ఆ తీరే ఇష్టం. ముందే చెప్పి ఉంటే అదే ఇష్టంతో, దాని జతతో సహా తెచ్చుకునేవాళ్ళం.

ఇది మా ఒక్క ఇంటి బాధ అయితే ఇంత రాసేదాన్ని కాను. చెప్పకుండా ఇవ్వడం వల్ల మామూలు కుటుంబాలు పడే ఇబ్బందులు ఇవీ.

1. పిల్లి వెనక్కి వెళ్ళిపోతుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఇక్కడ మనమే పిల్లుల్ని ఏడిళ్ళు తిప్పుతున్నాం. కుక్కను చూస్తేనే వణికిపోయే పిల్లిని కుక్క ఉన్న ఇంటికి ఇస్తే వారం తిరక్కుండా తిరిగొస్తుంది. తిరిగొచ్చిన ప్రతిసారీ దాని మీద "ఇళ్ళలో ఇమడదు" అని ఒక ముద్ర పడుతుంది, తర్వాత వచ్చేవాళ్ళు ఆ ముద్ర చూసే పక్కకు తప్పుకుంటారు. తిరిగి ఇచ్చిన కుటుంబం కూడా సిగ్గుతోనో కోపంతోనో మళ్ళీ షెల్టర్ గడప తొక్కదు. మీరు ఒక పిల్లికి ఇల్లు పోగొట్టడమే గాక, రేపు ఇంకో పిల్లికి దొరికే ఇంటిని కూడా పోగొట్టుకుంటున్నారు.

2. పిల్లలకు గాయాలవుతాయి. భయపడి మూలకు నక్కిన పిల్లిని చిన్నపిల్లలు చెయ్యి పెట్టి లాగుతారు, అది కరుస్తుంది. పిల్లి పళ్ళు సన్నగా సూదుల్లా ఉంటాయి కాబట్టి పైకి చిన్న గాటే కనిపించినా సూక్ష్మక్రిములు లోతుకు దిగుతాయి. చేతి మీద పిల్లి కాటు పడితే సబ్బుతో కడిగేసి ఊరుకోకూడదు, డాక్టరుకు చూపించాల్సిందే. ఆ ఇంట్లో ఆ రోజు పిల్లవాడూ ఏడుస్తాడు, పిల్లీ దోషి అవుతుంది. ఇద్దరి తప్పూ లేదు.

3. ఇంట్లో ముందునుంచీ ఉన్న పిల్లి జబ్బు పడుతుంది. "అందరితో కలిసిపోతుంది" అన్న మాట నమ్మి రెండో పిల్లిని నేరుగా తెచ్చి వదిలితే పాతది ఆందోళనతో మంచాల మీద, గోడల మీద మూత్రం పోయడం మొదలుపెడుతుంది. ఆందోళన వల్లనే మూత్రాశయం వాచే పిల్లులున్నాయి. మగ పిల్లుల్లో మూత్రనాళం పూర్తిగా మూసుకుపోతే గంటలు కూడా లెక్కే, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ఆ అర్ధరాత్రి ఆసుపత్రి పరుగు, ఆ ఖర్చు, ఆ దిగులు మోసేది కుటుంబమే.

4. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఒక తోడు కోసం వస్తారు. వాళ్ళకు ఏడాది వయసు పిల్లిని అంటగడితే అది తెల్లవారుజామున ఇల్లంతా దూకుతుంది, నడుస్తుంటే కాళ్ళ మీద పడుతుంది. పిల్లులకు వేకువన, సందెవేళ హుషారు ఎక్కువ, అది వాటి సహజం. కాళ్ళకు అడ్డం వచ్చి పెద్దవాళ్ళు పడిపోతే తుంటి విరగొచ్చు. అదే షెల్టర్‌లో, ఎవరూ అడగని మూలన, పదేళ్ళ పిల్లి ఒకటి ఎవరి పక్కనైనా పడుకుంటే చాలని ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ ఇద్దరినీ కలపలేకపోవడం నాకు అన్నిటికన్నా బాధగా ఉంటుంది.

"షెల్టర్‌లో ఉన్న తీరు ఇంట్లో ఉండదు, ఏమని రాయమంటారు?" అని మీరు అడుగుతారని తెలుసు. మాతోనూ అలాగే అన్నారు. అందులో సగం నిజం ఉంది, బోనులో పిల్లి అసలు రంగు బయటపడదు. కానీ భయాన్ని భయంగా గుర్తుపట్టడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. కెస్లర్, టర్నర్ అనే పరిశోధకులు 1997లోనే పిల్లి ఒత్తిడిని ఏడు మెట్లుగా కొలిచే పద్ధతి ప్రచురించారు. ఒళ్ళు, పొట్ట, తోక, చెవులు, కనుపాపలు, మీసాలు, అరుపు ఎలా ఉన్నాయో చూసి మెట్టు రాసుకోవడమే. అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ పిల్లుల స్వభావాన్ని తొమ్మిది రకాలుగా గుర్తించి, తీసుకునేవారి ఇంటి తీరుతో జత కలిపే 'ఫీలైన్-ఆలిటీ' అనే పద్ధతిని ఎప్పుడో తెచ్చింది. 2017లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 2,802 పెంపుడు పిల్లుల గురించి వాటి యజమానులను అడిగి చేసిన అధ్యయనం స్వభావంలో ఐదు పాయలు చూపించింది: బెదురు, చొరవ, పెత్తనం, నిలకడ లేని దుడుకుతనం, కలుపుగోలుతనం. ప్రతి పిల్లిలోనూ ఈ ఐదూ వేరువేరు పాళ్ళలో ఉంటాయి. కాబట్టి "శాంతం" అనే ఒక్క మాట దేన్ని చెబుతున్నట్టు? బెదురు ఎక్కువై ముడుచుకున్నదీ శాంతంగానే కనిపిస్తుంది, ఏ బెదురూ లేక కాళ్ళు బారచాపినదీ శాంతంగానే కనిపిస్తుంది.

స్వభావం ఎక్కడి నుంచి వస్తుందో కూడా కొంత తెలుసు. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చెయ్యి తగిలిన కూనలు మనుషులకు బాగా అలవాటు పడతాయి. 1995లో సాండ్రా మెక్యూన్ చేసిన పరిశోధనలో తండ్రి పిల్లి కలుపుగోలుదైతే పిల్లలకూ ఆ ధైర్యం వచ్చింది. ఆ తండ్రి పిల్లల్ని పెంచదు, అసలు వాటి దగ్గరే ఉండదు, అయినా వచ్చింది. అంటే మీ దగ్గర బిక్కుబిక్కుమంటున్న పిల్లి మొండిది కాదు, పొగరుది కాదు. దాని పుట్టుకా, దాని తొలి వారాలూ అలా ఉన్నాయి. తీసుకునే కుటుంబానికి ఈ రెండు ముక్కలు చెబితే ఎంత ఓపిక వస్తుందో మీరే చూస్తారు.

"నిజం రాస్తే ఎవరూ తీసుకోరు" అనేది రెండో మాట. నేను దీన్ని అస్సలు ఒప్పుకోను. "ఒళ్ళోకి రాదు, కానీ మీరున్న గదిలోనే ఉంటుంది" అని రాస్తే ఆ వాక్యం చదివి మనసు పడేవాళ్ళుంటారు. అందరూ ఎత్తుకునే పిల్లినే కోరుకోరు. పుస్తకం చదువుకుంటూ ఉంటే పక్క కిటికీలో కూర్చునే పిల్లి చాలనుకునేవాళ్ళు ఎందరో. వాళ్ళకు ఆ పిల్లి ఉందని తెలియాలి కదా.

అందుకే మా డిమాండ్లు స్పష్టంగా పెడుతున్నాం.

1. ప్రతి పిల్లికీ స్వభావ పత్రం ఉండాలి. అందులో ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, ఎన్నాళ్ళు చూశారు అన్నది ముందు రాయాలి. పొగడ్తలు తీసేసి చూసింది రాయాలి. "ముద్దొస్తుంది" అంటే మాకేమీ తెలియదు. "నిలబడి వంగితే వెనక్కి జరుగుతుంది, నేల మీద కూర్చుని వేలు చాపితే వాసన చూసి తల రుద్దుతుంది" అంటే అంతా తెలుస్తుంది. పొట్ట ముట్టుకోనిస్తుందా, ఎన్ని నిమిషాలు నిమిరాక తోక విసరడం మొదలుపెడుతుంది, పెద్ద చప్పుడుకు ఏం చేస్తుంది, తిండి దగ్గర ఇంకో పిల్లిని రానిస్తుందా, మోసుకెళ్ళే పెట్టెలో (క్యారియర్‌లో) ఎలా ఉంటుంది, ఇవన్నీ ఉండాలి. చిన్నపిల్లల మధ్య, కుక్కల మధ్య ఎలా ఉంటుందో మీరు చూడకపోతే "చూడలేదు" అని రాయండి. ఆ మాట రాయడానికి మొహమాటపడొద్దు, చూడకుండా "కలిసిపోతుంది" అని రాయడమే ప్రమాదం. నొప్పిని స్వభావం కింద రాయకుండా కూడా చూడండి. నడుము దగ్గర ముట్టుకుంటే కరిచే ముసలి పిల్లికి కీళ్ళ నొప్పి ఉండొచ్చు, పళ్ళు పుచ్చి ఉండొచ్చు. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ప్రచురించిన కొలమానం ఉంది, చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల వాలు చూసి నొప్పిని అంచనా వేయొచ్చు. మీ వలంటీర్లకు అది నేర్పించండి.

2. ప్రతి బోనులో పిల్లి దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పెట్టండి. 2014లో నెదర్లాండ్స్‌లోని ఒక షెల్టర్‌లో కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో కొన్నింటికి పెట్టె ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా చూశారు. పెట్టె ఉన్నవి తొలి రోజుల్లోనే తేరుకున్నాయి. పెట్టె పెడితే పిల్లి సందర్శకులకు కనబడదని తీసేసే షెల్టర్లున్నాయి. కుదుటపడిన పిల్లే తనంతట తాను బయటికి వస్తుంది, దాని అసలు తీరు చూపిస్తుంది.

3. జతగా బతికిన పిల్లుల్ని విడదీయొద్దు. జత అని ఫోస్టర్ చెబితే అది కార్డులో మొదటి వాక్యం కావాలి. రెండింటినీ తీసుకునే ఇల్లు దొరకడం ఆలస్యమవుతుంది, ఒప్పుకుంటాం, అయినా ఆగండి. కూనల్ని కనీసం ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గర నుంచి తీయొద్దు, ఇంకొన్ని వారాలు ఉంచగలిగితే మరీ మంచిది. తల్లి నుంచి మరీ ముందే వేరుపడ్డ పిల్లుల్లో పెద్దయ్యాక దూకుడు ఎక్కువగా కనబడుతోందని 2017లో ఫిన్లాండ్ పరిశోధకులు చూపించారు.

4. ఫోస్టర్ కుటుంబంతో మమ్మల్ని ఒకసారి మాట్లాడనివ్వండి. పిల్లితో ఒకే ఇంట్లో ఉన్నది వాళ్ళే.

5. ఇంటికి పంపేటప్పుడు మొదటి నెల ఎలా గడపాలో ఒక కాగితం ఇవ్వండి, అడగడానికి ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. మొదట ఒకే గదిలో ఉంచాలని, దాక్కుంటే బయటికి లాగకూడదని, లిట్టర్ బాక్సులు, అంటే పిల్లి మలమూత్రాలకు వెళ్ళే పెట్టెలు, పిల్లుల సంఖ్యకన్నా ఒకటి ఎక్కువ పెట్టాలని, పాత పిల్లికీ కొత్త పిల్లికీ ముఖాలు చూపించే ముందు గుడ్డలు మార్చి వాసనలు అలవాటు చేయాలని అందులో ఉండాలి. ఒక రోజంతా తినకపోయినా, లిట్టర్ బాక్సులో కూర్చుని మూత్రం రాక ముక్కుతున్నా వెంటనే డాక్టరుకు చూపించాలన్నది పెద్ద అక్షరాల్లో ఉండాలి. కొత్త పిల్లికి దగ్గరయ్యే చిన్న చిన్న మార్గాలు కూడా చెప్పండి. కళ్ళు మెల్లగా మూసి తెరిచే మనిషి చాపిన చేతి దగ్గరికి పిల్లులు రావడానికి ఎక్కువ మొగ్గు చూపాయని ససెక్స్ విశ్వవిద్యాలయం 2020లో ప్రచురించింది. మా ఇంట్లో పిల్లి బీరువా వెనక నుంచి మొదటిసారి తల బయటపెట్టింది కూడా అలాగే. ఆ కిటుకు మాకు డాక్టరు చెప్పారు, షెల్టర్ చెప్పి ఉండాల్సింది.

6. పిల్లిని తిరిగి తెచ్చినవాళ్ళను నిలదీయకండి. కూర్చోబెట్టి, ఏం జరిగిందో అడిగి రాసుకుని, ఆ రాసింది తర్వాతి కుటుంబానికి చూపించండి. తిట్టి పంపితే తర్వాతివాళ్ళు తిరిగి తేరు, వీధిలో వదిలేస్తారు.

7. ఎఫ్ఐవీ, అంటే పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్, ఉన్న పిల్లుల గురించి దాచకుండా, భయపెట్టకుండా చెప్పండి. అది మనుషులకు సోకదు. పిల్లి నుంచి పిల్లికి ముఖ్యంగా లోతైన కాట్ల వల్ల అంటుతుంది. అది ఉన్నా ఏళ్ళ తరబడి హాయిగా బతికే పిల్లులున్నాయి.

మనుషులు చాలరని, రాయడానికి తీరిక లేదని మీరు అంటే నమ్ముతాం. బోనులు కడగడానికే పొద్దు చాలని షెల్టర్లను కళ్ళారా చూశాం. అందుకే వట్టి డిమాండ్లతో ఆగడం లేదు. దత్తత తీసుకున్న కుటుంబాలం కొందరం కలిసి ఒక పేజీ స్వభావ పత్రం నమూనా తయారుచేశాం. అందులో ఫోస్టర్ నింపాల్సిన భాగం, వలంటీర్ నింపాల్సిన భాగం వేరుగా ఉన్నాయి. సెలవు రోజుల్లో వచ్చి బోనుల ముందు నేల మీద కూర్చుని పిల్లుల్ని గమనించి, ఆ పేజీ నింపి ఇవ్వడానికి మేము సిద్ధం. ఏ షెల్టర్ పిలిచినా వస్తాం.

దత్తతకు వెళ్ళే కుటుంబాలకు కూడా ఒక మాట. ఫొటో చూసి, రంగు చూసి నిర్ణయించుకోకండి. పై ప్రశ్నలు అడగండి. జవాబు చెప్పలేకపోతే ఫోస్టర్ నంబరు అడగండి, ఇంకో రోజు రండి.

ఇక మేము పిల్లిని తెచ్చుకున్న షెల్టర్‌వారికి విడిగా ఒక విన్నపం. ఫోస్టర్ కుటుంబం రాసిచ్చిన ఆ కాగితం మీ దగ్గర ఉంటే, దాని నకలు మగ పిల్లిని తీసుకున్న ఇంటికి ఈ వారమే పంపండి. దాని బెంగకు, దాని అరుపులకు కారణం వాళ్ళకూ తెలియాలి. వాళ్ళు ఇష్టపడితే మా వివరాలు వాళ్ళకు ఇవ్వండి, రెండు పిల్లుల్నీ ఏం చేయాలో రెండు ఇళ్ళవాళ్ళం కలిసి మాట్లాడుకుంటాం. మిగతా డిమాండ్ల మీద మీ నిర్ణయం ఏమిటో రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
షెల్టర్ నుంచి పిల్లిని తెచ్చుకున్న ఒక ఇల్లాలు, తోటి కుటుంబాల తరఫున